214 పేజీలు, నాలుగు కాపీలు: నా గిరాకి గుంజుకున్న పిల్లల ప్రింట్ల సర్వీసు మీద నా మాట

నాది హన్మకొండల కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్డు దిక్కు జిరాక్స్ దుకాణం. పెట్టి 28 ఏండ్లు. నయీంనగర్ల కాలేజీ పిల్లలు నడిపే ప్రింట్ల సర్వీసు మీద ఈ రివ్యూ రాస్తున్నది ఒక పోటీదారు అని ముందే చెప్తున్న, తర్వాత ఎరుకై తిట్టుకోవద్దు.

పోయిన డిసెంబర్ల ఒక శనివారం పొద్దుగూకే యాళ్లకు నా పెద్ద మిషను డ్రమ్ము పోయింది. ఏ కాగితం తీసినా నిలువున నల్ల గీత. సర్వీసు పిల్లగాడు సోమవారం దాకా రానన్నడు. సరిగ్గ అప్పుడే ఒక ఎంటెక్ అమ్మాయి పెన్‌డ్రైవు పట్టుకొని వచ్చింది. ప్రాజెక్టు రిపోర్టు, 214 పేజీలు, అందుల 22 కలర్, నాలుగు కాపీలు. సోమవారం పొద్దుగాల పదింటికి గైడు సంతకం. నా చిన్న ప్రింటరు మీద పెడితే తెల్లారినా ఒడవదు. లేదని పంపిస్తే ఇంకో దుకాణానికి పోతది, మళ్ల రాదు.

కౌంటరు కాడ కూసున్న మా చిన్నబిడ్డ మెల్లగ అన్నది: "బాపూ, నయీంనగర్ల పిల్లలున్నరు. వాట్సాప్ల ఫైలు పంపితే ప్రింట్లు తీసి రూముకాడికి తెచ్చిస్తరు. వాళ్లకు ఇయ్యరాదు?"

"నీకెట్ల ఎరుక?" అన్న.

ఆ పిల్ల తల వంచుకున్నది. ఇంజినీరింగ్ రెండో ఏడు, హాస్టల్ల ఉంటది. ఏడాది సంది తన నోట్సు ప్రింట్లన్నీ వాళ్ల దగ్గర్నే తీపిచ్చుకుంటున్నదట. జిరాక్స్ దుకాణపాయన బిడ్డ! "నీ దగ్గరికి రావాలంటే బస్సెక్కాలె బాపూ. వాళ్లు గేటుకాడికి తెస్తరు" అన్నది. రెండేండ్ల సంది నా గిరాకి ఎందుకు తగ్గుతున్నదో ఫోన్లొచ్చినయి, పీడీఎఫ్‌లొచ్చినయి అని నేను చెప్పుకుంటున్న. అసలు సంగతి నా ఇంట్లనే తిరుగుతున్నది.

సరే, పంపిన. బిడ్డ నంబరు నుంచే, నా పేరు చెప్పకుండ.

పది నిమిషాలకు ఫోను వచ్చింది. ఆడపిల్ల గొంతు. "అన్నా, ఎడమ దిక్కు మార్జిన్ ఇంచు కూడ లేదు. స్పైరల్ రంధ్రాలు అక్షరాల మీద పడుతయి. జరిపి తియ్యాల్నా, ఉన్నది ఉన్నట్టే తియ్యాల్నా?" నిజం చెప్తున్న, ఈ ప్రశ్న నా దుకాణంల పనిచేసిన ఏడుగురు పోరగాళ్లల్ల ఇద్దరే అడిగేటోళ్లు. మిగిలినోళ్లు రంధ్రాలు కొట్టినంక "అయ్యో" అనేటోళ్లు. అక్కడికే వీళ్లకు రివ్యూల ఒక చుక్క (స్టార్) రాసుకున్న.

గంటా నలభై నిమిషాలల్ల సరుకు వచ్చింది. తెచ్చిన పిల్లగాడు మెట్లెక్కి, చుట్టూ మిషన్లు చూసి, బండి తాళం చేతిలనే పట్టుకొని ఆగిపోయిండు. "అంకుల్, మీదే జిరాక్స్ షాపు కదా?" అన్నడు. కొట్టడానికి పిలిపిచ్చిన్నేమో అనుకున్నట్టున్నడు. చాయ్ తాపిచ్చిన.

ఇగ సరుకు సంగతి. నలుపు బాగ పడ్డది, ఎక్కడా బూడిద మరక లేదు. పేజీ వరస సక్కగున్నది. కలర్ గ్రాఫులు కొద్దిగ ఎరుపు దిక్కు గుంజినయి గానీ ప్రాజెక్టుకు నడుస్తది. స్పైరల్ చివర్లు లోపలికి మడిచిన్రు, చేతికి గీరుకోవు. బిల్లు 1,136 రూపాయలు: నలుపు పేజీకి 75 పైసలు, కలర్ 5 రూపాయలు, స్పైరల్ 30. డెలివరీకి ఏం తీసుకోలే.

కాగితం మాత్రం నా వేళ్లకు తేడా కొట్టింది. బిల్లు మీద 75 జీఎస్ఎం అని ఉన్నది. ఒక పేజీ బల్బుకు అడ్డం పెట్టి చూసిన. 75 కాదు, 70. అడిగితే పిల్లగాడు మొఖం తెల్లగ పెట్టిండు, వాళ్లకు నిజంగనే తెల్వదు. హోల్‌సేల్ ఆయన 75 అని అమ్మిండు, వీళ్లు 75 అని రాసిన్రు. పక్క కిరాణంల ఎలక్ట్రానిక్ కాంటా ఉంటది. "కొత్త రిమ్ము ఒకటి తెచ్చి దాని మీద పెట్టు బిడ్డా" అన్న. లెక్క శాన సులువు. ఏ4 కాగితాలు పదహారు కలిస్తే ఒక చదరపు మీటరు. జీఎస్ఎం అంటే ఆ చదరపు మీటరు తూకం గ్రాములల్ల. 500 కాగితాల రిమ్ము 75 జీఎస్ఎం అయితే 2 కిలోల 340 గ్రాముల దాకా తూగాలె. 70 అయితే 2 కిలోల 180. పైన చుట్టిన కవరు తూకం తీసెయ్యాలె, అంతే. తెల్లారి ఫోటో పంపిండు: కవరు తీసి 2 కిలోల 190. ఆ హోల్‌సేల్ ఆయన ఎవరో నాకు తెల్సు, ఇక్కడ పేరు రాయ. నన్ను సుత రెండుసార్లు ముంచిండు.

ఆదివారం వాళ్ల రూముకు పోయిన. పిలిస్తేనే పోయిన.

నయీంనగర్ మెయిన్ రోడ్డుకు వెనక గల్లీ, మొదటి అంతస్తు, ఒకటే రూము, కిరాయి 4,500. బోర్డు లేదు. సెకండ్ హ్యాండ్ల 55,000కు తెచ్చిన పెద్ద మిషను ఒకటి, కలర్‌కు చిన్నది ఒకటి, స్పైరల్ మిషను, మంచం. పెద్ద మిషను పైకి ఎక్కించెతందుకు ఐదుగురు దోస్తులు, రెండు బిర్యానీలు పట్టినయట. కింద షట్టరు దొరికినా తీసుకోలేదట, అదే వాళ్ల తెలివి. 2020 ఆగస్టుల, మళ్ల 2023 జులైల నాలా పొంగి నయీంనగర్ ఎట్ల మునిగిందో చూసినోళ్లు నేల మీద కాగితం పెట్టరు.

ముగ్గురు. పేర్లు రాయద్దన్నరు కాబట్టి ఊర్ల పేర్లతోనే చెప్త. పరకాల పిల్లగాడు మిషను, బండి చూస్తడు. మంథని పిల్లగాడు లెక్కలు. నర్సంపేట పిల్ల ఫైళ్లు, ఆర్డర్లు. మార్జిన్ అడిగింది ఆమెనే. ముగ్గురూ జేఎన్‌టీయూ కింది కాలేజీల మూడో ఏడు.

మంథని పిల్లగాడు లెక్కల పుస్తకం చూపిచ్చిండు. రోజుకు ఎంత వచ్చింది, కాగితానికి ఎంత, టోనర్‌కు ఎంత, పెట్రోల్‌కు ఎంత. రాత సక్కదనం చూస్తే ముచ్చటేసింది. "నెలకు తొమ్మిది, పది వేలు మిగులుతున్నయి అంకుల్" అన్నడు. నేను నిన్నటి నా ఆర్డరే తీసి ముందల పెట్టిన. ఇది నీకెంత మిగిల్చిందో చెప్పు అన్న. ఆ పిల్లగాడు ఫోను తీసి కొట్టిండు. ఆ లెక్క ఇక్కడ రాస్త, ఎందుకంటే కాలేజీల దుకాణం పెట్టిన ప్రతి పిల్లగాడు ఇక్కడనే జారుతడు.

కలర్ పక్కకు పెడదాం. నలుపు పేజీలు 768, ప్రాజెక్టు కాబట్టి ఒక దిక్కే ప్రింటు. 75 పైసల లెక్కన 576 రూపాయలు. రిమ్ము 250 పడుతది, అంటే కాగితం 50 పైసలు. 768 కాగితాలకు 384. టోనరు పేజీకి 20 పైసలు, అది 154. మిగిలింది 38 రూపాయలు. "లాభమే కదా" అన్నడు పరకాల పిల్లగాడు.

మిషను ఎవరిచ్చిన్రు అన్న. మంథని వాళ్ల నాయిన. అది ఐదు లక్షల ప్రింట్లు తీసి సచ్చిపోతదనుకో, ఒక్కో ప్రింటుకు 11 పైసలు మిషనే తింటున్నది. డ్రమ్ము, ఫ్యూజరు, సర్వీసుకు ఇంకో 5 పైసలు. నా మిషను నిన్న సచ్చింది ఆ ఐదు పైసలు పక్కకు పెట్టకనే. 16 పైసలు ఇంటూ 768, అంటే 123 రూపాయలు. నా పనికి మీరు 85 రూపాయలు ఎదురిచ్చిన్రు, పైకెళ్లి పెట్రోలు పెట్టుకొని తెచ్చి నా చేతుల పెట్టిన్రు.

రూముల చప్పుడు లేదు.

నోట్సులకు ఈ బాధ లేదు. బ్యాక్ టు బ్యాక్ తీస్తరు, అక్కడ కాగితం ఖర్చు పేజీకి 25 పైసలే. ఆ రేటే ఒక దిక్కు ప్రింటుకు పెట్టిన్రు, తప్పు అదొక్కటే. నెలకు తొమ్మిది వేలు మిగులుతున్నయన్న మాట సుత నేను నమ్మలే. కిరాయి ముగ్గురూ జేబుల నుంచి పంచుకుంటున్నరు, పుస్తకంల లేదు. కరెంటు బిల్లు మంథని వాళ్ల ఇంటి నుంచి వచ్చే పైసలల్ల పోతది. ముగ్గురి కూలి ఎక్కడా లేదు. నాకు 75 పైసల రేటు ఎందుకు రావట్లేదో నాకు అప్పుడు అర్థమైంది: వాళ్లు నాకన్న అగ్వకు చేస్తలేరు, ఆ తేడా వాళ్ల అమ్మానాయినలు కడుతున్నరు. కోపం రావాల్సింది, రాలే. నేను 1997ల సరిగ్గ గట్లనే పెట్టిన.

అది చెప్పాలె.

అప్పుడు నాది బీకాం రెండో ఏడు. ఎస్టీడీ బూతులు మస్తు నడుస్తున్న కాలం. రాత్రి రేట్లు తగ్గినంక జనం లైన్ కట్టేటోళ్లు. నేను, నా దోస్తు కలిసి బూతు, పక్కన పాత జిరాక్స్ మిషను పెట్టినం. నాది 42,000, మా నాయిన పత్తి పైసలు, ఏనుమాముల మార్కెట్ల తక్‌పట్టీ (పత్తి అమ్మిన చీటి) చేతిల పట్టుకొని నా చేతిలనే లెక్కబెట్టి పెట్టిండు. దోస్తుది 18,000. కాగితం రాసుకోలే. దోస్తులం కదా. నేను క్లాసులకు పోతే వాడు గల్లా మీద కూసునేది. ఏడాదిన్నరకు విడిపోవాల్సి వచ్చింది. నేను పెట్టుబడి ప్రకారం 70-30 అన్న. వాడు సగం సగం అన్నడు. అదాలత్ కాడ ఒక వకీలు సాబ్ దగ్గరికి పోతే ఆయన నవ్విండు. 1932 నాటి భాగస్వామ్య చట్టం, 13వ సెక్షను: వేరే ఒప్పందం లేకపోతే లాభం, నష్టం అందరికీ సమానం. ఎవరు ఎంత పెట్టిన్రు అన్నది చూడదు. ఎవరు ఎక్కువ పనిచేసిన్రని జీతం సుత ఇయ్యదు, పెట్టుబడికి మిత్తి సుత ఇయ్యదు, ముందే ఒప్పుకుంటే తప్ప.

ఆ సెక్షను నాకు ఆ ఏడు బిజినెస్ లా పరీక్షల వచ్చింది. రాసిన. మార్కులు సుత బాగనే పడ్డయి. సాయంత్రం గల్లా మీద కూసున్నప్పుడు అది నా గురించే అని ఒక్కనాడు తట్టలే.

అందుకే మంథని పిల్లగాన్ని అడిగిన: "మీ నాయిన ఇచ్చిన 55,000 నీ వాటానా, దుకాణానికి అప్పా?" ముగ్గురూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఇదే అసలు ప్రశ్న. వాటా అయితే మిత్తి లేదు, మిషను ముగ్గురిది. ఒప్పుకున్న వాటా కన్న పైన నీ పేరు మీద ఇచ్చిన అప్పు అయితే అదే సెక్షను కింద ఏడాదికి 6 శాతం మిత్తి వస్తది. రెండూ కాదు, ఊకె ఇచ్చిండు అంటరా, అది సుత రాసుకోండ్రి. "మేము ఫ్రెండ్సే కదా అంకుల్" అన్నది నర్సంపేట పిల్ల. రాసుకునేది కొట్లాడెతందుకు కాదు బిడ్డా, నాలుగో ఏడు ప్లేస్‌మెంట్ వచ్చి ఒకరు హైదరాబాద్ బండెక్కిన నాడు మిషను ఎవరిదో ఫోన్ల మాట్లాడుకోకుండ ఉండెతందుకు అన్న. గడువు లేని పొత్తును ఎవరైనా నోటీసు ఇచ్చి ఒడగొట్టొచ్చు, అది సుత ఆ చట్టంలనే ఉన్నది.

పదిహేను రోజులకు కాగితం రాసుకున్నరు. రెండు పేజీలు. నాకు చూపెట్టిన్రు. మిషను దుకాణం అప్పు, నెలకు ఇంత అని మంథని నాయినకు తీరుస్తరు. పోయేటోళ్లు రెండు నెలల ముందు చెప్పాలె, తన పనిని ఇంకొకరికి నేర్పి పోవాలె. "నేర్పి పోవాలె" అనే మాట నేను చెప్పింది కాదు, ఆ పిల్ల రాసింది. నా 28 ఏండ్లల్ల నాకు ఆ మాట తట్టలే.

రేట్లు సుత మార్చిన్రు: బ్యాక్ టు బ్యాక్ 80 పైసలు, ఒక దిక్కు రూపాయి పది. గిరాకి పోతదని భయపడ్డరు. పోయింది కొంత. పోయినోళ్లల్ల ఎక్కువ మంది వాళ్లకు నష్టం తెచ్చినోళ్లే.

కాలేజీ పిల్లలు కాలేజీ పిల్లలకు అమ్మితే ఇంకో చిక్కున్నది, బయట ఎవరికీ ఉండదు. గిరాకి ఎప్పుడో వాళ్ల పరీక్షలు అప్పుడే. మిడ్ పరీక్షలకు ముందు రాత్రి 61 ఆర్డర్లు వచ్చినయి. తెల్లారి ముగ్గురికీ అదే పరీక్ష. నర్సంపేట పిల్ల సెమిస్టర్ పరీక్షలల్ల ఒక సబ్జెక్టు పోగొట్టుకున్నది, అందరికీ నోట్సు తీసిచ్చి తనే చదవలే. పరకాల పిల్లగాని హాజరు 68 శాతానికి దిగింది. జేఎన్‌టీయూల 75 ఉండాలె. 65 దాకా సరైన కారణం చూపెట్టి, ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 దిగితే సెమిస్టరే పోతది. బండి మీద తిరిగిన, ప్రింట్లు ఇచ్చిన అంటే కారణం కాదు. ఆ ఫీజు పుస్తకంల ఏ ఖర్చు కింద రాసిన్రని అడిగిన. రాయలే.

దీనికి మందు వాళ్లే కనిపెట్టిన్రు, నేను కాదు. కేయూ డిగ్రీ పిల్లలు ఇద్దరిని పెట్టుకున్నరు. వాళ్ల పరీక్షలు వేరే నెలల్ల. ఇంజినీరింగ్ పరీక్షల వారం వాళ్లు మిషను మీద, గంటకు 80 రూపాయలు. కూలి అనే మాట పుస్తకంలకు మొదటిసారి గప్పుడే ఎక్కింది.

ఎండకాలం ఇంకో గుంట. మే నడుమల హాస్టళ్లు ఖాళీ, కిరాయి మాత్రం నడుస్తది. రెండు నెలలు, తొమ్మిది వేలు. చదువుతోటి సంబంధం లేని గిరాకి ఒకటి ఉండాలె అని చెప్పిన: వకీళ్లు, ఆడ్తి దుకాణాల బిల్లు పుస్తకాలు, కోచింగ్ సెంటర్ల టెస్టు పేపర్లు. ఒక కోచింగ్ సెంటరు దొరికింది. మంచిగనే అయింది అనుకున్న. ఉద్దెర మీద ఇచ్చిన్రు, 11,400 ఇరుక్కున్నయి. రెండు నెలలు "రేపు రండ్రి." చివరికి పరకాల పిల్లగాడు పొద్దుగాల ఏడింటికి పోయి, అక్కడి రిసెప్షన్ల నవ్వుకుంట కూసొని, మధ్యాహ్నం దాకా లేవలేదట. ఏడు వేలు తెచ్చిండు. ఇప్పుడు వెయ్యి దాటిన ఆర్డరుకు సగం ముందే.

సర్కారు కాగితాల మీద ఎక్కువ రాసేది లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న దుకాణాలకు సర్కారు నమోదు) 2020 జులై సంది ఆధార్ నంబరుతోని ఆన్‌లైన్ల అయితది, రూపాయి ఫీజు లేదు. వీళ్లు సర్కారు సైటు లెక్కనే కొట్టే ఇంకో సైటుల 2,500 కట్టిన్రు. ముద్ర లోన్‌ల శిశు కింద 50,000 దాకా తాకట్టు లేకుండ ఇస్తరు, పోయిరమ్మన్న. మూడుసార్లు పోయొచ్చి వద్దనుకున్నరు. నేను బలవంతం చేయలే. మిషను అప్పే ఇంకా తీరలే కదా.

నేను చుక్కలు కోసిన సంగతులు రెండు ఉన్నయి, అవి దాచను.

ఒకటి ఫైళ్లు. మా బిడ్డ ప్రింటు వెదుకెతందుకు నర్సంపేట పిల్ల ఫోను నా ముందల తిప్పింది. అందుల మంది ఆధార్ కార్డులు, పది పాసు మెమోలు, ఒక ఆమె పెండ్లి దరఖాస్తు, ఎవరివో బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఏడాది సందివి. నా దుకాణంల చెత్తబుట్టల చినిగిన ఆధార్ కాపీ కనిపిస్తేనే మా నాయిన తిట్టేటోడు. జిరాక్స్ దుకాణం అంటే మంది గుట్టు చేతుల పడే దుకాణం. ఇప్పుడు రాత్రి పదింటికి ఆ రోజు ఫైళ్లన్నీ తీసేస్తరు, చాట్ సుత. పంపేటోళ్లు మాస్క్ చేసిన ఆధారే పంపుండ్రి, ముందటి ఎనిమిది అంకెలు కనిపించవు.

రెండోది పుస్తకాలు. సెమిస్టరుకు ముందు ఒక టెక్స్ట్‌బుక్కు మొత్తం 200 కాపీలు తీసి పెట్టుకొని అమ్ముదామని పరకాల పిల్లగాడు కాగితం సుత కొన్నడు. "ఢిల్లీ యూనివర్సిటీ కేసుల జిరాక్స్ దుకాణం గెలిచింది కదా అంకుల్" అన్నడు. గెలిచింది. 2012ల ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పబ్లిషర్లు కేసు వేసిన్రు, 2016 సెప్టెంబర్ల ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. గానీ అక్కడ నడిచిన ముచ్చట పంతుళ్లు చెప్పే పాఠానికి పుస్తకాల నుంచి కొన్ని కొన్ని పేజీలు ఏరి కట్టిన కోర్సు ప్యాకుల మీద. అట్ట నుంచి అట్ట దాకా తీసి బస్తాలల్ల పెట్టి అమ్ముమని ఏ కోర్టూ చెప్పలే. 200 కాపీలు ఆగినయి. ఆ కాగితం నేనే కొన్న, తూకం వేసి.

నడుమల ఒక ముచ్చట, ఊకె. సాదా కాగితం మీద కాపీ తీసే జిరాక్స్ 914 మిషను అమెరికల బయటికి వచ్చింది 1959 సెప్టెంబర్ల. మన రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీకి, అంటే ఇప్పటి నిట్‌కు, నెహ్రూ పునాదిరాయి వేసింది 1959 అక్టోబర్ల. ఓరుగల్లుల ఇంజినీరింగ్ చదువు, లోకంల జిరాక్స్, రెండూ ఒక ఈడువి. ఒకటి లేకుంటే ఇంకొకటి పాసయ్యేది కాదు.

రివ్యూ అంటే ఒక్క ఆర్డరు మీద రాయొద్దు. మే నెల మొదట్ల మళ్ల ఇచ్చిన, ఈసారి కావాలనే పరీక్షల వారం. 160 పేజీల నోట్సు, రెండు కాపీలు. ఆరింటికి అన్నరు, తొమ్మిదిన్నర అయింది. ఒక కాపీల 17 నుంచి 32 దాకా రెండుసార్లు పడి, 33 నుంచి 48 లేనే లేవు. కొత్త పిల్లగాడు తీసిండట. వాట్సాప్ల పెట్టిన. ఎవరి తప్పో చెప్పలే, ఏ కథా చెప్పలే. "పైసలు వాపస్ పంపినం, కాపీ పదకొండింటికి వస్తది" అని ఒక్క మాట. 10:50కి వచ్చింది. మంథని పిల్లగాడే తెచ్చిండు, తెల్లారి వానికి పరీక్ష. ఇంటికి పోయి చదువుకో అని తిట్టిన. నోట్సు పక్కకు పెట్టి చూస్తే రెండో కాపీ స్పైరల్ ఒంకరగ ఉన్నది. చెప్పలే, ఇప్పుడు చెప్తున్న.

నా లెక్కల ఐదుకు మూడున్నర. నోట్సులకు, రికార్డులకు కండ్లు మూసుకొని ఇయ్యండ్రి. పరీక్షల వారం అయితే ఒక రోజు ముందే ఇయ్యండ్రి, ఆరింటికి అంటే తొమ్మిది అనుకోండ్రి. ఫైలు పీడీఎఫ్ చేసి పంపుండ్రి, వర్డ్ పంపితే తెలుగు అక్షరాలు విరుగుతయి, ఎడమ మార్జిన్ ఒకటిన్నర ఇంచు పెట్టండ్రి. రంగు ముఖ్యమైన పని అయితే వాళ్లకు వద్దు. గోల్డ్ అక్షరాల హార్డ్ బైండింగ్ వాళ్లు చేయరు, ఆ పని నాకు పంపుతున్నరు. పోయిన సెమిస్టరుకు 70 దాకా వచ్చినయి. నా బైండింగ్ రేటు తగ్గించుమని అడిగిన్రు. తగ్గియ్యలే.

మా బిడ్డ ఇప్పుడు సుత ప్రింట్లు వాళ్ల దగ్గర్నే తీస్తది. అడుగుడు బంజేసిన.

నిన్న సాయంత్రం పరకాల పిల్లగాడు రెండు రిమ్ములు సంకల పెట్టుకొని వచ్చి, నా కౌంటరు మీద కాంటా జరుపుకొని తూకం వేసుకున్నడు. కొత్త హోల్‌సేల్ ఆయనవట. కవర్లు తీసి ఒకటి 2 కిలోల 335, ఇంకోటి 2 కిలోల 338. ఫోటో తీసుకున్నడు. చాయ్ తాగి పోయేముందు, "అంకుల్, మీ రిమ్ము ఒకటి పెట్టి చూద్దామా?" అన్నడు. పెట్టినం. 2 కిలోల 190.